పళ్ళెంలో కనిపించని లోటు

మా అమ్మాయి అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు క్రీడా విభాగంలో స్పోర్ట్స్ డైటీషియన్‌గా పనిచేస్తోంది. తెలుగువాళ్ళ మధ్య ఈ మాట చెప్పగానే "అయితే బరువు తగ్గడానికి చార్ట్ ఏమైనా రాసిస్తుందా అండీ" అన్న ప్రశ్న దాదాపు తప్పకుండా వస్తుంది. నిజానికి ఆమె చేసేదాంట్లో ఎక్కువ భాగం దీనికి వ్యతిరేకమైన పని: బాగానే తింటున్నామని నమ్మే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలను ఇంకాస్త తినమని ఒప్పించడం. హైస్కూల్లో ఉండగా ఆమె కూడా ఇదే చిక్కులో పడి జబ్బుపడిందని తెలిసిన కొద్దిమంది, పడ్డ కష్టాన్నే దారిగా మలచుకుందని మెచ్చుకుంటారు. ఆ మెప్పులో ఆప్యాయత ఉంది, కానీ జరిగింది అంత తిన్నగా జరగలేదు.

పరాయి దేశంలో పిల్లలను పెంచేవాళ్ళం రెండు సంస్కృతుల మధ్య తేడాల గురించి తెగ మాట్లాడుకుంటాం. మా ఇంటికి వచ్చిన చిక్కు మాత్రం ఆ తేడాల వల్ల రాలేదు, రెండూ ఏకమయ్యే చోట పుట్టింది. కష్టపడే పిల్లను, నోరు కట్టుకునే పిల్లను, చెప్పినదానికంటే ఒక పాలు ఎక్కువే చేసే పిల్లను ఇక్కడి కోచ్‌లూ మెచ్చుకుంటారు, మన పెద్దవాళ్ళూ మెచ్చుకుంటారు. మైదానాల్లో, బయళ్ళలో దూరాలు పరిగెత్తే క్రాస్ కంట్రీ జట్టులో చేరిన కొంతకాలానికి ఆమె తెల్లవారకముందే లేచి పరిగెత్తడం, పేరంటాల్లో మిఠాయి ముట్టకపోవడం, తన వడ్డన తానే కొలుచుకోవడం మొదలుపెట్టింది. జట్టులో దాన్ని అంకితభావం అన్నారు. బంధువులు ఈ వయసుకే ఎంత నిగ్రహమో అన్నారు. మార్కులు తగ్గలేదు, పరుగు వేగం మొదట్లో పెరిగింది కూడా. శరీరం తేలికైన కొత్తలో కొందరికి అలా వేగం పెరగడమే ఈ జబ్బులోని పెద్ద మోసం. ఆ తరువాత నెలసరి ఆగింది. దూరాలు పరిగెత్తే అమ్మాయిలకు ఇది మామూలేనన్న మాట జట్టు చుట్టూ ఉన్న పెద్దల నోటి నుంచే వచ్చింది. అది మామూలు సంగతి కాదనిపించి వైద్యురాలికి చూపించే ఏర్పాట్లలో ఉండగానే, కాలి ఎముకలో పదేపదే పడే ఒత్తిడికి వచ్చే సన్నని చీలిక, స్ట్రెస్ ఫ్రాక్చర్, బయటపడింది.

ఒంట్లో ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి అందకపోవడం, నెలసరి తప్పడం, ఎముకలు బలహీనపడడం, ఈ మూడూ కలిసి వచ్చే స్థితిని క్రీడావైద్యులు 1990ల నుంచి ఫీమేల్ అథ్లీట్ ట్రయాడ్ అంటున్నారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణుల బృందం దీని పరిధిని పెంచి రెడ్-ఎస్, అంటే క్రీడల్లో శక్తి కొరత, అని పేరు పెట్టింది. ఇది మగపిల్లలకూ వస్తుందనీ, ఎముకలతో ఆగక గుండె, జీర్ణక్రియ, రోగనిరోధక శక్తి, మానసిక స్థితి వరకూ పాకుతుందనీ చెప్పింది. 2018లోనూ 2023లోనూ ఆ పత్రాన్ని సవరించారు. ఇందులో అసలు లెక్క చాలా చిన్నది, కానీ మనం ఇంట్లో వేసుకునే లెక్క కాదు. రోజు మొత్తంలో తిన్న క్యాలరీల నుంచి వ్యాయామానికి ఖర్చయిన క్యాలరీలను తీసేసి, మిగిలినదాన్ని శరీరంలో కొవ్వు పోగా ఉండే బరువుతో భాగించాలి. ఆ అంకె కిలోకు 45 క్యాలరీల దగ్గర ఉంటే శరీరం తన పనులన్నీ చేసుకోగలదు. 30 కంటే దిగువకు పోతే హార్మోన్లు ఒక్కొక్కటే వెనక్కి తగ్గే ప్రమాదం ఎక్కువ. కొవ్వు పోగా 40 కిలోలుండే అమ్మాయి రోజుకు 1800 క్యాలరీలు తిని, 600 క్యాలరీలు పరుగుకు ఖర్చుపెడితే మిగిలేది 1200, అంటే కిలోకు సరిగ్గా 30. పద్దెనిమిది వందల క్యాలరీల భోజనం చూసే ఏ తల్లికీ కొరతగా కనిపించదు. కిలోకు 45 చొప్పున 1800, పరుగుకు 600 కలిపి ఆ అమ్మాయికి కావలసింది 2400. మూడు పూటలా తింటున్న పిల్లకు తిండి చాలడం లేదని వైద్యురాలు చెప్పినప్పుడు మా పెద్దవాళ్ళెవరూ నమ్మకపోవడానికి కారణం ఇదే.

దీనికి తోడు మా భోజనాల బల్ల దగ్గర మరో కథ నడుస్తూ ఉండేది. మా ఆయనకు డయాబెటిస్ ఉంది. అలాంటి ఇళ్ళలో అన్నం ఎప్పుడూ బోనులో నిలబడిన ముద్దాయే. ఆయన అన్నం తగ్గించడం, మానేయడం, తిన్న రోజున నొచ్చుకోవడం పిల్లలు రోజూ చూస్తారు. ఈ భయం లేనిపోనిది కాదు: మనవాళ్ళకు తక్కువ బరువు దగ్గరే డయాబెటిస్ ప్రమాదం మొదలవుతుంది గనుకనే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా ప్రజల విషయంలో బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే కొలత) 23 నుంచే జాగ్రత్త పడాలని సూచించారు. కాని యాభై దాటిన మనిషికి చెప్పిన పథ్యాన్ని, వారానికి డెబ్భై కిలోమీటర్లు పరిగెత్తే పదహారేళ్ళ పిల్ల తనకూ వర్తింపజేసుకుంటే అది ఆరోగ్యం కాదు. ఒకే బల్ల మీద ఒకరు తగ్గించుకోవాలి, ఒకరు పెంచుకోవాలి. ఆ రెండు సంగతులూ ఒకరి ముందు ఒకరికి చెప్పకుండా ఉండడం మేము మెల్లగా నేర్చుకున్న పద్ధతి.

ఇక చూసేవాళ్ళ మాటలు సరేసరి. ఒకే ఏడాదిలో అదే పిల్లను ఇండియా నుంచి వీడియో కాల్‌లో ఒకరు ఒళ్ళు చేశావన్నారు, మరొకరు చిక్కి శల్యమయ్యావన్నారు, ఎండలో పరుగుల వల్ల రంగు తగ్గిందని ఇంకొకరు బాధపడ్డారు. ఇక్కడివాళ్ళు ముఖం మీద అలా అనరు గనుక వీళ్ళే నయమని మన పిల్లలు అనుకుంటారు. కాని జట్టులో బరువులు అందరి ముందూ చూడడం, కొవ్వు శాతాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించడం కూడా మాటలే. అంకెల్లో ఉంటాయి గనుక వాటికి జవాబు చెప్పే వీలుండదు, అంతే తేడా. మా అత్తగారిని పిల్ల ఒంటి గురించి మాట్లాడవద్దని అడిగితే రెండు వారాలు అలిగి, ఆ తరువాత మానేశారు. గోడ మీది కాగితానికి అలిగే గుణం లేదు.

చికిత్సలో మమ్మల్ని ఆశ్చర్యపరిచిన సంగతి వేరే ఉంది. తిండి తగ్గించుకుని జబ్బుపడ్డ పిల్లలకు కుటుంబం ఆధారంగా చేసే ఈ చికిత్సా విధానం 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. మొదటి దశలో పిల్ల ఏమి తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు తినాలో తల్లిదండ్రులే నిర్ణయించి, పక్కన కూర్చుని తినిపించాలి. బరువు, ఆరోగ్యం కుదుటపడ్డాక ఆ అధికారాన్ని కొద్దికొద్దిగా పిల్లకు తిరిగి అప్పగించాలి. చివరి దశలో తిండి మాట తగ్గి, ఆ వయసుకు తగిన మిగతా జీవితం ముందుకు రావాలి. పదహారేళ్ళ పిల్లకు స్వేచ్ఛ ఇవ్వండని ప్రతి సమావేశంలోనూ చెప్పే దేశంలో, ఒక థెరపిస్టు మాకు కొసరి కొసరి వడ్డించమని చెప్పింది. అది మాకు వచ్చిన పనే. రానిది రెండో సగం: అప్పగించడం. పిల్ల తన పళ్ళెం తాను పెట్టుకుంటుంటే చూపు తిప్పుకోవడం అన్నం పెట్టడంకంటే చాలా కష్టం, ఆ కష్టం గురించి మన తల్లులు ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను వినలేదు.

కాలేజీకి వెళ్ళాక పోషకాహార శాస్త్రం చదువుతానని ఆమె అన్నప్పుడు మొదట సందేహించింది థెరపిస్టే. 1944, 1945ల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలపాటు అర్ధాకలితో ఉంచి పరిశీలించినప్పుడు, అంతకుముందు తిండి గురించి పెద్దగా పట్టించుకోని వాళ్ళలో కొందరు వంటల పుస్తకాలను పదేపదే చదవడం మొదలుపెట్టారు. ఆకలిగొన్న మెదడు తిండి గురించి తప్ప ఆలోచించలేదు. మా అమ్మాయి కూడా జబ్బు ముదిరిన రోజుల్లో అర్ధరాత్రి దాకా కేకుల వీడియోలు చూసేది, చేసి అందరికీ పంచేది, తాను ముట్టేది కాదు. కాబట్టి ఈ చదువు మీది ఇష్టం ఆమెదా, ఇంకా తీరని ఆకలిదా అన్న ప్రశ్న అన్యాయమైనది కాదు. ఆమె ముందు స్టాటిస్టిక్స్‌లో చేరింది, కోలుకోవడం స్థిరపడిందని వైద్యులు చెప్పేదాకా ఆ ఆలోచనను పక్కన పెట్టింది. అప్పటికీ ఆ ఇష్టం మిగిలి ఉంది గనుక పోషకాహార శాస్త్రానికి మారింది.

చదువు సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ఎవరైనా తమను తాము న్యూట్రిషనిస్టు అని చెప్పుకోవచ్చు. రిజిస్టర్డ్ డైటీషియన్ కావాలంటే గుర్తింపు పొందిన కోర్సు, పర్యవేక్షణలో కనీసం 1000 గంటల శిక్షణ, ఆపైన జాతీయ స్థాయి పరీక్ష ఉండాలి, 2024 జనవరి నుంచి మాస్టర్స్ డిగ్రీ కూడా తప్పనిసరి. క్రీడాకారులతో నిర్ణీత గంటలు పనిచేశాక ప్రత్యేక ధ్రువీకరణ పరీక్ష రాయవచ్చు. ఉద్యోగాలు పెరగడానికి ఊతమిచ్చినది 2014లో కాలేజీ క్రీడల నియమాలు చూసే సంస్థ ఎన్‌సీఏఏ తెచ్చిన మార్పు. అప్పటినుంచి డివిజన్ వన్ (పై స్థాయి పోటీల) కాలేజీలు తమ ఆటగాళ్ళకు భోజనం, చిరుతిండి పరిమితి లేకుండా పెట్టగలుగుతున్నాయి. అంతకుముందు నిబంధనలు ఎంత విడ్డూరంగా ఉండేవంటే, ఒకప్పుడు బేగెల్ అనే గుండ్రటి రొట్టె ఇవ్వచ్చు గాని దానిమీద క్రీమ్ చీజ్ రాసి ఇవ్వకూడదు.

ఇప్పుడు ఆమె అన్నిటికంటే జాగ్రత్తగా గమనించేది జట్టులో ఏ వంకా పెట్టలేని పిల్లలను. భోజనశాలలో చివర కూర్చునేవాళ్ళు, సెలవు రోజున కూడా పరిగెత్తేవాళ్ళు, చెప్పిన ఆహార ప్రణాళికను అక్షరం పొల్లుపోకుండా పాటించి ఇంకా ఏమి మానేయాలని అడిగేవాళ్ళు. వీళ్ళలో భారతీయ కుటుంబాల పిల్లలు కనిపిస్తే వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు క్యాలరీల మాట ఎత్తకుండా నెలసరి గురించీ, ఎముకల గురించీ మొదలుపెడుతుంది, ఎందుకంటే ఎక్కువ తినాలని చెబితే వాదిస్తారు, ఎముక విరుగుతుందని చెబితే వింటారు. కొవ్వు శాతం కొలవడం వైద్యపరమైన అవసరం ఉన్నప్పుడే, పిల్ల అంగీకారంతోనే, ఫలితం కోచ్‌కు వెళ్ళకుండా జరగాలన్నది ఆమె పెట్టిన షరతు. దానికి జట్టు వైద్యుడు ఒప్పుకున్నాడు. కోచ్ మాత్రం సీజన్ మొదలయ్యే ముందు ప్రతిసారీ ఆ అంకెలు కావాలని అడుగుతాడు, ఆమె ప్రతిసారీ ఇవ్వనని రాతపూర్వకంగా జవాబిస్తుంది. ఈ ఏడు కూడా అడిగాడట.