ఓపెన్ కిచెన్‌లో లైట్ల సంగతి

తెల్ల ట్యూబ్‌లైటు ఆర్పేసి, సోఫా పక్కన 2700 కెల్విన్ల (వెలుగు రంగుకి కొలత ఇది, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ తెలుపు) ల్యాంపు వెలిగించగానే ఇందాకటి హాలేనా ఇది అనిపించింది!

హాలుకీ వంటగదికీ మధ్య గోడ లేని ఓపెన్ కిచెన్ ఫ్లాట్లలో చిక్కంతా ఇక్కడే. వంటకీ, కూర్చోడానికీ ఒకటే 6500 కెల్విన్ల వెలుగు పెడతారు. దాంతో హాలు కూడా వంటగదిలాగే ఉంటుంది. గట్టు మీద కూరలు తరగడానికి కప్‌బోర్డుల కింద 4000 కెల్విన్ల స్ట్రిప్ లైటు (పట్టీలా అంటించేది) చాలు. దానికి స్విచ్ మాత్రం వేరుగా పెట్టించండి, వంటయ్యాక ఆపేయొచ్చు. డైనింగ్ టేబుల్ మీద వేలాడే లైటు బల్లకి 75–90 సెంటీమీటర్ల పైన ఉండాలి. ఇంకా ఎత్తున కడితే బల్బు కళ్లలో కొడుతుంది.

హాలు వేరుగా అనిపించాలంటే సోఫా వీపు వంటగది వైపుకి తిప్పండి. కార్పెట్ చిన్నది వద్దు, సోఫా ముందు కాళ్లు దాని మీదికి రావాలి.

కర్టెన్లకి పోపు వాసన పట్టేస్తుంది, తరచూ ఉతుక్కునే నూలువే మేలు.