తమ్ముడి చెకప్

గురువారం. రాత్రి పదకొండు దాటింది.

తమ్ముడు ఖమ్మం రైలెక్కాడు. వెళ్లేముందు దుప్పటి మడతపెట్టి మరీ వెళ్లాడు. చిన్నప్పుడు ఒక్కరోజైనా ఆ పని చేసిన పాపాన పోలేదు.

లుకేమియా, అదే రక్త క్యాన్సర్, వస్తే వాడికి కిందటేడు రక్తాన్ని పుట్టించే నా మూలకణాలు ఎక్కించారు. నెలకోసారి ఇలా బుధవారం సాయంత్రం వస్తాడు, గురువారం చూపించుకుని వెళ్తాడు. మరదలికి స్కూలు, పిల్లతో కుదరదు కాబట్టి ఆసుపత్రికి తోడు నేను. పొద్దున ఆరింటికే లేచి హాల్లో కూర్చున్నాడు. అసలు పడుకున్నాడో లేదో. స్టెరాయిడ్ మొదలెట్టినప్పటి నుంచి నిద్ర పట్టదు, ఆకలి మాత్రం ఆగదు. ముఖం పూర్ణంబూరెలా అయింది. ఇడ్లీలో చట్నీ వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. పచ్చిమిర్చి తగిలితే నోరంతా భగ్గుమంటుందట. గోంగూరలో ఎండుమిర్చి నంజుకునేవాడు, ఇప్పుడు ఇడ్లీ మీద నెయ్యి, పంచదార వేయించుకుంటున్నాడు.

నిన్న నేనొక తెలివితక్కువ పని చేశాను. రైతుబజార్లో పంపరపనస కనిపిస్తే కొనుక్కొచ్చాను. మా ఊళ్లో పెరటి చెట్టు కాయల కోసం ఇద్దరం కొట్టుకునేవాళ్లం. వాడు చూసి నవ్వాడు.

"ఇది నాకు పడదక్కా, టాక్రోలిమస్‌తో కుదరదు."

నా కణాలు వాడి మీద తిరగబడకుండా అణిచే ఆ మందును అరగగొట్టే ఎంజైము పేగుల్లో ఉంటుందట. ఈ పండు దాన్ని పనిచేయనివ్వదు. దాంతో రక్తంలో మందు మోతాదు పెరిగి కిడ్నీల మీదికొస్తుంది. డిశ్చార్జి రోజు ఇచ్చిన కాగితంలో గ్రేప్‌ఫ్రూట్ అని చదివి, మన దగ్గర ఎవరు తింటారులే అని దాటేశాను. అది పుట్టిందే పంపరపనస నుంచి అని నాకేం తెలుసు! పండు ఫ్రిజ్‌లో వెనక్కి పెట్టేశాను.

రాత్రి తొమ్మిదికి ఒక డోసు వేసుకున్నాడు కాబట్టి పొద్దున తొమ్మిదికి రక్తం ఇచ్చాకే రెండోది. ముందే మింగితే లెవెల్ తప్పుగా చూపిస్తుంది. అందుకే క్యాప్సూల్ చొక్కా జేబులో వేసుకుని బయల్దేరాడు. ల్యాబ్‌లో క్యూ కదిలేసరికి తొమ్మిదీ నలభై. ఫారం నింపుతూ బ్లడ్ గ్రూప్ దగ్గర నావైపు చూశాడు. పుట్టినప్పటి నుంచి వాడిది ఓ పాజిటివ్. నాది బి. ఇప్పుడు వాడిదీ బి. బి అని రాస్తే, కౌంటర్లో అమ్మాయి పాత కార్డు చూసి "తప్పు రాశారు సార్" అంది. "అప్పుడు నాది, ఇప్పుడు మా అక్కది" అన్నాడు వీడు. ఆ పిల్ల మొహం చూడాలి.

కిందటేడు సెప్టెంబర్లో నా చేతికి సూదులు పెట్టి నాలుగు గంటలు మెషీన్ పక్కన పడుకోబెట్టారు. అంతకుముందు వరసగా ఇంజెక్షన్లు. ఎముకల్లో ఉన్న మూలకణాలు రక్తంలోకి రావడానికట. నడుమూ తుంటీ సలిపేశాయి. మెషీన్ నడుస్తుంటే పెదాలు జివ్వుమన్నాయి, కాల్షియం ఇస్తే తగ్గింది. చివరికి సంచిలో చేరింది చూస్తే పలచటి టమాటా చారులా ఉంది. దీనికోసమా ఇంత హడావిడి అనుకున్నాను.

మా ఇద్దరి కణాల గుర్తుల మ్యాచింగ్ పదికి పది వచ్చింది. తోబుట్టువుల మధ్య పూర్తిగా కలిసే అవకాశం నాలుగో వంతేనట, మేమున్నదే ఇద్దరం. ఆ రోజు అమ్మ ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించింది. పదికి పదంటే ఇక పేచీ ఉండదనే అందరం అనుకున్నాం. కానీ ఆ పదీ పెద్ద గుర్తులే. వాటి వెనకాల చిన్న గుర్తులు బోలెడు ఉంటాయి. కొన్నయితే వై క్రోమోజోము వల్ల మగవాళ్ల కణాల్లోనే ఉంటాయి. నా కణాలకు అవి పరాయివి. పైగా నాకు ఇద్దరూ మగపిల్లలే. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి వస్తాయి. నా రక్తంలో పరాయి కణాల్ని పట్టి చంపే టి-కణాలు అప్పుడే ఆ మగ గుర్తుల్ని చూసి, మనసులో పెట్టుకుని ఉండొచ్చన్నమాట. ఇన్నేళ్ల తర్వాత తమ్ముడి ఒంట్లోకి వెళ్లి, వాడి చర్మాన్నీ నోటినీ కంటినీ చూసి అదే పగ తీర్చుకుంటున్నాయి. పిల్లల్ని కన్న ఆడవాళ్లు మగవాళ్లకు ఇచ్చినప్పుడు ఇచ్చినవాళ్ల కణాలు పుచ్చుకున్నవాళ్ల ఒంటి మీదికే తిరగబడే ఈ జీవీహెచ్‌డీ ముప్పు ఎక్కువని డాక్టరు ముందే చెప్పారు. నేను సంతకం పెట్టిన కాగితంలోనూ ఉంది. లుకేమియా తలమీద కూర్చుని ఉంటే ఆ ముక్క ఎవరి చెవికెక్కుతుంది?

పన్నెండున్నరకి లోపలికి పిలిచారు. డాక్టరమ్మ టార్చి వేసి నోరు చూశారు. బుగ్గల లోపల ముగ్గు వేసినట్టు తెల్లటి గీతలు ఇంకా ఉన్నాయి. తర్వాత "దండం పెట్టండి" అన్నారు. మొదటిసారి ఈ మాట అన్నప్పుడు వీడు నిజంగానే ఆవిడకి నమస్కారం పెట్టాడు. చర్మం కింద పొర బిగుసుకుందేమో చూసే పరీక్ష అది. అరచేతులు కలిపి మోచేతులు పక్కలకు ఎత్తాలి. కిందటి నెల మణికట్ల దగ్గర చేతులు విడిపోయి రెండు వేళ్ల సందు కనిపించింది. ఇవాళ ఒక వేలు పడుతుందేమో. నేను ఊపిరి బిగబట్టే చూశాను. గొట్టంలోకి ఊదే పరీక్షలో ఊపిరితిత్తులు మూడు నెలల క్రితం ఉన్నట్టే ఉన్నాయి. నాకు అన్నిటికంటే భయం దానితోనే, ఎక్కువ రాయను.

స్టెరాయిడ్ 20 మిల్లీగ్రాముల నుంచి 15కి తగ్గించారు. టాక్రోలిమస్ సంగతి లెవెల్ వచ్చాక చెప్తారట.

ఉండబట్టలేక అడిగేశాను. "ఈ జీవీహెచ్‌డీని మొత్తానికి ఆపేసే మందు ఇవ్వొచ్చు కదమ్మా?"

ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. కవలలు, అచ్చం ఒకేలాంటి జన్యువులున్నవాళ్లు ఇచ్చినప్పుడు ఇలాంటి బాధ దాదాపు ఉండదట, కానీ వాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. పాత లుకేమియా కణాల్లో ఎక్కడైనా ఒకటీ అరా దాక్కుని ఉంటే పట్టి చంపేది కూడా ఈ పరాయి కణాలే. పూర్తిగా నోరు మూయిస్తే ఆ కాపలా కూడా పోతుంది. "కొంచెం ఉండనివ్వాలి. శ్రుతి మించకూడదు, అంతే" అన్నారు. వీడు వెంటనే "అంటే అక్క తిట్లు కొంచెం ఉండాల్సిందే" అన్నాడు. ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత వరకు కొంచెం అని అడగాలనిపించింది, వెనక ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు.

కంటి పరీక్ష మధ్యాహ్నం. కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమంటారు, ఎంత మేర తడిస్తే అంత కన్నీరు. ఒకటి 2 మిల్లీమీటర్లు, ఒకటి 3. కనీసం పదైనా ఉండాలట. గంటగంటకీ వేసుకునే చుక్కల సీసాని జేబులోంచి తీసి "చూశావా, కన్నీళ్లు కూడా కొనుక్కుంటున్నా" అన్నాడు. ఈ జోకు పోయిన నెలా వేశాడు.

సాయంత్రం స్టేషన్‌కి ఎండ తగ్గాకే బయల్దేరాం. ఎండ తగిలితే చర్మం మళ్లీ ఎర్రబడుతుందని ఫుల్‌హ్యాండ్ చొక్కా, టోపీ. రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. "నీ కాళ్లు నొప్పులక్కా, వెళ్లు" అంటాడు, అనేది వాడు!

ఇంటికొచ్చేసరికి పెద్దాడు ఫ్రిజ్ వెతికి పంపరపనస బయటికి తీశాడు. వార్తాపత్రిక పరుచుకుని తోలు తీసి, తొనల మీది తెల్లపొర ఓపిగ్గా ఒలుస్తున్నాడు. చిన్నాడు పక్కనే చెయ్యి చాపుకుని కూర్చున్నాడు.

"మామయ్యకి ఎందుకు పెట్టలేదమ్మా?" అన్నాడు చిన్నాడు.

"మాత్రలతో పడదు నాన్నా" అన్నాను. మిగతాది వీళ్లకి చెప్పలేదు. ఉప్పూ కారం డబ్బా తెచ్చి వాళ్ల మధ్యలో పెట్టాను.