గుండెకు అంగుళం దూరంలో ఆగిన తూటా

గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో పాయింట్ 22 (తూటా వ్యాసం సుమారు 0.22 అంగుళం) పిస్టల్‌తో సాధన మొదలుపెట్టినవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఏ తూటా తగిలితే మనిషి ఒక్క దెబ్బకు కూలిపోతాడు? కాగితం మీద పాయింట్లు లెక్కపెట్టుకునే క్రీడకు ఈ ప్రశ్నతో సంబంధం లేదు. అయినా ఆత్మరక్షణకు లైసెన్సు తీసుకోవాలనుకునేవారి మనసులోనూ, ఎదురుకాల్పుల వార్తలు చదివేవారి మనసులోనూ ఇదే ప్రశ్న ఉంటుంది కనుక దీనికి వివరంగా జవాబు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పిస్టల్ తూటాల్లో అటువంటిది లేదన్నదే ఆ జవాబు.

సినిమాలో తూటా తగిలిన విలన్ గాలిలోకి ఎగిరి, అద్దాలు పగలగొట్టుకుంటూ వెళ్లి పడతాడు. భౌతికశాస్త్రం దానికి ఒప్పుకోదు. సుమారు ఏడున్నర గ్రాముల 9 ఎంఎం తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో తగిలినప్పుడు శరీరానికి అందే ద్రవ్యవేగం (బరువునూ వేగాన్నీ కలిపి లెక్కించే తోపు), గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చిన క్రికెట్ బంతి ఇచ్చేదానికి దాదాపు సమానం. ఆ తోపుకే మనిషి పడిపోయేటట్లయితే, అంతకు ఏమాత్రం తక్కువ కాని ఎదురుతోపును చేతులతో భరించిన కాల్చినవాడే ముందు పడాలి.

తూటా చేసే పని తోయడం కాదు, చీల్చుకుంటూ పోవడం. తుపాకీ గాయాలను ప్రయోగశాలలో దీర్ఘకాలం పరిశీలించిన అమెరికన్ సైనిక శస్త్రవైద్యుడు మార్టిన్ ఫాక్లర్ నొక్కి చెప్పినది ఇదే. రైఫిల్ తూటా వేగానికి చుట్టూ ఉన్న కణజాలం సాగి చిరిగిపోవచ్చు. పిస్టల్ తూటా వేగంలో ఆ సాగిన భాగం చాలావరకు తిరిగి సర్దుకుంటుంది, మిగిలేది తూటా వెళ్లిన దారి మాత్రమే. ఆ దారి మెదడునో, వెన్నుపాము పైభాగాన్నో తాకితే తప్ప మనిషి తక్షణం ఆగిపోవడానికి శారీరక కారణం లేదు. గుండె పూర్తిగా ఛిద్రమైనా, మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో 10 నుంచి 15 సెకన్ల పాటు అతను తన ఇష్టప్రకారం కదలగలడని 1989లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం వెలువరించిన పత్రం చెప్పింది. ఆయుధం పట్టుకున్నవాడికి అది చాలా ఎక్కువ సమయం. చిన్న గాయానికే కూలబడినవారు కూడా లేకపోలేదు, కానీ వారిని పడగొట్టింది భయమో దిగ్భ్రాంతో అయి ఉంటుంది. దాని మీద ఎవరూ ఆధారపడలేరు.

ఆ పత్రం వెనుక ఒక దుర్ఘటన ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో, బ్యాంకు దోపిడీలు చేస్తున్న ఇద్దరిని ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు అడ్డగించారు. ఒక 9 ఎంఎం తూటా మైకేల్ ప్లాట్ అనే దుండగుడి కుడి చేతిని చీల్చుకుని ఛాతీలోకి దూరి, ఊపిరితిత్తిని దెబ్బతీసి, గుండెకు సుమారు అంగుళం దూరంలో ఆగిపోయింది. ఆ గాయంతోనే అతను రైఫిల్‌తో కాల్పులు కొనసాగించాడు. ఇద్దరు ఏజెంట్లు మరణించారు, ఐదుగురు గాయపడ్డారు. ముంజేయి నుజ్జయిన ఏజెంటు ఎడ్ముండో మిరేలెస్ చివరకు రివాల్వర్‌తో దగ్గరికి నడిచివెళ్లి ఆ పోరాటాన్ని ముగించాడు.

దాని ఫలితమే నేటి జెలటిన్ పరీక్ష. మాంసానికి బదులుగా వాడే పది శాతం జెలటిన్ దిమ్మెలో, బట్టలు, కారు రేకు, కారు అద్దం వంటి అడ్డంకులు దాటిన తర్వాత కూడా తూటా కనీసం 12 అంగుళాలు వెళ్లాలి, 18 అంగుళాలు మించకపోతే మంచిది. ఛాతీ లోతుకు అంత అవసరమా అని అడగవచ్చు. మనిషి ఎప్పుడూ ఎదురుగా, చేతులు పక్కకు పెట్టుకుని నిలబడడు. ప్లాట్ విషయంలో తూటా బలం కొంత చేతిలోనే ఖర్చయింది. ఎఫ్‌బీఐ మొదట 10 ఎంఎంకి, ఆ తర్వాత పాయింట్ 40కి మారి, దాదాపు పాతికేళ్లకు మళ్లీ 9 ఎంఎం దగ్గరికే వచ్చింది. ఈలోగా తూటా తయారీ మెరుగుపడింది, తక్కువ కుదుపున్న పిస్టల్‌తో ఎక్కువమంది త్వరగా, గురిగా కాల్చగలుగుతున్నారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే.

ఎందుకంటే గురి తప్పడమే నిజమైన కాల్పుల్లో మామూలు విషయం. న్యూయార్క్ పోలీసుల మీద 2008లో అమెరికన్ పరిశోధన సంస్థ ర్యాండ్ చేసిన అధ్యయనంలో, అవతలివాడూ కాల్చిన సందర్భాల్లో పోలీసులు పేల్చిన తూటాల్లో గురికి తగిలినవి సగటున 18 శాతం. 2012లో ఎంపైర్ స్టేట్ భవనం ముందు పోలీసులు కాల్చిన తూటాలు, వాటి ముక్కలు తగిలి తొమ్మిది మంది బాటసారులు గాయపడ్డారు. బేగంబజార్‌లోనో, చార్మినార్ దగ్గరో అదే జరిగితే ఎలా ఉంటుందో మన ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు.

కాళ్ల మీద కాల్చవచ్చు కదా అని వార్తల కింద వ్యాఖ్యానించేవారి కరుణ నాకు అర్థమవుతుంది. కానీ పరుగెత్తే కాలు చాలా కష్టమైన లక్ష్యం, తొడలోని ప్రధాన ధమని తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. అలాగే, శరీరంలో ఎన్ని తూటాలు ఉన్నాయన్న సంఖ్య ఒక్కటే కాల్పులు న్యాయమో అన్యాయమో తేల్చదు. ఎంత దూరం నుంచి, ఏ దిశ నుంచి తగిలాయో చూడాలి.

మన దేశంలో 9 ఎంఎం పిస్టల్ సాధారణ పౌరులకు నిషిద్ధ బోరు (గొట్టం లోపలి వెడల్పు). ఎక్కువమంది కొనే పాయింట్ 32 రివాల్వర్ తూటా శక్తి అందులో సుమారు మూడో వంతు. 2016 ఆయుధ నిబంధనలు లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణను తప్పనిసరి చేశాయి. ఆ శిక్షణలో కాల్చే పద్ధతితో పాటు, కాల్చిన తర్వాత ఎదుటివాడు ఆగకపోవచ్చుననీ, తప్పిన తూటా గోడ దాటి వెళ్లవచ్చుననీ జెలటిన్ దిమ్మె, ప్లైవుడ్ చెక్క ముందుపెట్టి చూపించాలని నా కోరిక.