పదిహేడో రోజు బొమ్మ

మే 17, శనివారం.

పొద్దున్నే ఐదున్నరకి లేచి, బాల్కనీలో పాత దుప్పటి పరుచుకుని కూర్చున్నాను. ఎనిమిది దాటితే అక్కడ కూర్చోవడం మనుషుల వల్ల కాదు. బెజవాడ ఎండకి అక్రిలిక్ రంగు పళ్ళెంలో పిండిన రెండు నిమిషాల్లో మీగడ కట్టేస్తుంది. దానికి ఈ మధ్య ఒక ఉపాయం దొరికింది. మావాడి లంచ్ బాక్సులో తడిగుడ్డ మడతపెట్టి, దానిమీద బటర్ పేపర్ వేసి, ఆ పైన రంగులు పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా పచ్చిగానే ఉంటాయి. మూత కూడా పెట్టుకోవచ్చు. వాడికి సెలవులు గనక బాక్సు ఖాళీ. జూన్‌లో ఏం చెప్పాలో జూన్‌లో చూసుకుందాం.

నెలంతా రోజుకో బొమ్మ వేసే ఛాలెంజ్‌లో చేరి పదిహేడు రోజులైంది. రోజుకో మాట ఇస్తారు, ఆ మాట మీద ఆ రోజే బొమ్మ ముగించాలి. నిన్నటిదాకా తప్పించుకు తిరిగాను. 'గాలి' అంటే ఊగే తాటాకులు, 'ఆకలి' అంటే ఖాళీ కంచం. అందరూ బాగుంది అన్నారు, నాకే బాగాలేదు. ఈ వారం షరతు మార్చారు. ఇది ఫలానా అని పోల్చుకోగలిగే వస్తువేదీ ఉండకూడదట, రంగూ కాగితమే ఉండాలట. ఇవాళ్టి మాట 'అడుగు పొర'.

అడుగు పొర అనగానే నాకు కాగితాలే తోచాయి. పాత శుభలేఖలు, టిష్యూ పేపరు, కిరాణా బిల్లులు పోగేశాను. వాటితోపాటు క్రోధి నామ సంవత్సర పంచాంగం. ఉగాదితో దాని పని అయిపోయింది కదా అని ధైర్యం చేశాను. మొదటి పేజీ చింపిన చప్పుడుకే అత్తయ్య వచ్చేశారు.

"అమ్మాయ్, పంచాంగం చింపుతున్నావా?"

"పోయినేడాదిదండీ అత్తయ్యా."

"అయితే మాత్రం? ఆ రోజులన్నీ మనం బతికినవేగా!"

దానికి నా దగ్గర జవాబు లేదు. చెన్నై దగ్గర చోళమండలం అనే చిత్రకారుల ఊళ్ళో చూసిన బొమ్మల సంగతి, వాటిని వేసిన కె.సి.ఎస్. పణిక్కర్ సంగతి చెప్పబోయాను. ఆయన 1963లో మొదలుపెట్టిన 'పదాలు, చిహ్నాలు' వరసలో జాతకచక్రాల్లాంటి గళ్ళు, చదవడానికి వీల్లేని రాతలు కాన్వాసు నిండా ఉంటాయి. రాతని చదవకుండా చూడటం అంటే ఏమిటో నాకు అక్కడే మొదటిసారి తెలిసింది. అత్తయ్య సగం విని, "నవమి, దశమి ఉన్న పేజీలు ముట్టుకోకు" అని షరతు పెట్టి వెళ్ళిపోయారు. ఏ నెల నవమో చెప్పలేదు. నేను రాశిఫలాల పేజీలతో సరిపెట్టుకున్నాను.

రెండు పాళ్ళు ఫెవికాల్‌కి ఒక పాలు నీళ్ళు. కాగితానికి రెండు వైపులా పూసి, బోర్డు మీద పరిచి, పాత ఏటీఎం కార్డుతో మధ్యనుంచి అంచులకి నొక్కుకుంటూ పోవాలి. లేకపోతే అప్పడంలా పొంగుతుంది. కత్తెర వాడలేదు. చింపితే అంచున తెల్లటి నూగు వస్తుంది, అదే నాకు ఇష్టం. పంచాంగం కాగితానికీ పీచు ఉంటుందని చేత్తో చింపితేగాని తెలియదు. నిలువునా చింపితే గీత గీసినట్టు వస్తుంది, అడ్డంగా చింపితే ఎలకలు కొరికినట్టు. రెండూ కావాలనిపించింది.

ఫ్యాను కట్టెయ్యాల్సి వచ్చింది, లేకపోతే ముక్కలన్నీ పక్కింటి బాల్కనీకి వెళ్ళేట్టున్నాయి. మేలో ఫ్యాను లేకుండా కూర్చుని ఫెవికాల్ పూస్తున్న నన్ను చూసి మావాడు, "దీనికి నీకు ఎంత ఇస్తారమ్మా?" అన్నాడు.

ఇలా బొమ్మమీద కాగితం అంటించడం నేను కనిపెట్టిందేం కాదు. 1912లో ఫ్రెంచి చిత్రకారుడు బ్రాక్ చెక్క చారల్లా అచ్చేసిన గోడకాగితం కొని తన బొమ్మ మీద అతికించాడు. అదే ఏడు పికాసో కూడా అంటించడం మొదలుపెట్టాడు. వాళ్ళు వాడిన వార్తాపత్రికల ముక్కలు ఇప్పుడు బాగా పచ్చబడి, కొన్ని గోధుమరంగుకి దిగాయి. చౌక కాగితంలో మిగిలిపోయే చెక్క పదార్థం వెలుతురుకీ గాలికీ రంగు మారుతుంది. నా పంచాంగమూ అదే జాతి. నూరేళ్ళ తర్వాత నా బొమ్మ ఏమవుతుందా అని రెండు నిమిషాలు దిగులుపడి, తర్వాత నాకే నవ్వొచ్చింది.

జిగురు తొందరగా ఆరాలని హెయిర్ డ్రయర్ పెట్టాను. అక్కడ జరిగింది ఇవాళ్టి అసలు ఘోరం. మధ్యలో అంటించిన కిరాణా బిల్లు, కందిపప్పు, చింతపండు, అన్నీ చక్కగా కనిపిస్తున్నది కాస్తా, చూస్తుండగానే నల్లగా మారిపోయింది. ఆ బిల్లుల్లో సిరా ఉండదు. కాగితానికే వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది, మెషిను అక్షరాలు రాసేదీ ఆ వేడితోనే. తెలిసిన సంగతే, చేతిలో డ్రయర్ ఉన్నప్పుడు గుర్తు రాలేదంతే. పీకేద్దామంటే జిగురు పట్టేసింది. కాసేపు తిట్టుకున్నాను. తర్వాత చూస్తే ఆ నలుపు ట్యూబులో నలుపులా లేదు, పొయ్యి మసిలా అంచుల్లో బూడిదరంగుకి కరుగుతూ ఉంది. కావాలని చేస్తే నాకు రాదు. ఉంచేశాను.

పైన పసుపు పూత వేసి ఆరనిచ్చి, దానిమీద నీలం. తడిగా ఉన్నప్పుడు చూసుకున్న నీలం ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. రంగుని పట్టి ఉంచే జిగురు పచ్చిగా ఉన్నప్పుడు పాలలా ఉండి, ఆరాక అద్దంలా తేటపడటమే కారణం, ఫెవికాల్‌ది కూడా ఇదే గుణం. పదిహేడు రోజులైనా ఈ లెక్క నాకు కుదరడం లేదు. ప్రతిసారీ అనుకున్నదానికంటే చీకటి ఎక్కువే. నీలం పచ్చిగా ఉండగానే కరోనా నాడు కొన్న శానిటైజర్ స్ప్రే నాలుగు చుక్కలు వదిలాను. చుక్క పడ్డచోట నీలం భయపడ్డట్టు పక్కకి జరిగి, గుండ్రంగా పసుపు బయటపడింది. ఆ సీసా ఇన్నాళ్ళూ ఎందుకు పారెయ్యలేదో ఇవాళ తెలిసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎడమవైపు కొంచెం పచ్చ వేసి కార్డుతో కిందికి లాగానా, కొబ్బరిచెట్టు వచ్చి కూర్చుంది! నేను వెయ్యలేదు, అదే వచ్చింది. బోర్డు తలకిందులు చేశాను. కొబ్బరిచెట్టు పోయి చీపురు వచ్చింది. అడ్డంగా తిప్పితే చేప. వస్తువు లేకుండా వెయ్యడం కష్టమనుకున్నాను గానీ, అసలు కష్టం కన్నుతో. దానికి ఏదో ఒక పేరు దొరికేదాకా ఊరుకోదు. చివరికి తెల్లరంగు పలచగా పూసి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాను. పైపొరలు అక్కడక్కడా లేచిపోయి పంచాంగం అక్షరాలు బయటికి తొంగిచూశాయి. చెట్టు పోయింది. రుద్దడం ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేరు. నేను ఒక నిమిషం ఆలస్యంగా ఆపాను, కుడి మూల బోర్డు దాకా అరిగిపోయింది.

అన్నాలయ్యాక అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వచ్చి చూశారు. "బందరు కాలవ కదూ. నీళ్ళు కట్టేశాక గుర్రపుడెక్క పట్టి, ఇలాగే ఉంటుంది."

పొద్దున్నుంచీ నేను పడ్డ పాటంతా ఒక్క మాటతో కాలవలో కలిపేశారు. చెడ్డ విషయమేమిటంటే, ఆ తర్వాత నాకూ కాలవే కనిపిస్తోంది.

ఇంకా దగ్గరికి వంగి చూసి, "ఇదేమిటి?" అన్నారు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం పట్టికలో నా ఉప్పు కాగితం మిగతావన్నీ మింగేసి, ఒక్క 'అవమానం' మాత్రం నీలం మధ్యలో బొట్టు పెట్టినట్టు వదిలింది.

"ఎవరైనా గోడమీద అవమానం అని రాసి పెట్టుకుంటారా? కప్పెయ్."

"అత్తయ్యా, అది చదవడానికి కాదండీ."

"చదవొచ్చిన వాళ్ళకి చదవకుండా ఎలా ఉంటుంది?"

నిజమే. పణిక్కర్ రాతలు ఎవరికీ చదవరావు, నాది ఇంట్లో అందరికీ వస్తుంది. శుభలేఖ నుంచి చిన్న ముక్క చింపి అంటించబోయాను. పసుపు రాసిన మూల చింపొద్దన్నారు, ఇంకోవైపు చింపాను. ముక్క సరిపోలేదు. 'అవ' మునిగింది, 'మానం' మిగిలింది. మావాడు పడీపడీ నవ్వాడు. "పోన్లే, మానమైనా దక్కింది" అన్నారు అత్తయ్య, నవ్వకుండా.

అలాగే వదిలేశాను. వెనక తేదీ వేసి, ఫొటో తీసి పంపాను. పేరు రాయమంటే 'అడుగు పొర' అని రాశానుగానీ, ఇంట్లో అప్పుడే దాన్ని కాలవ బొమ్మ అంటున్నారు.

రేపటి మాట 'ఒకే రంగు'. నీలం ట్యూబు అడుగంటింది. పెద్ద బ్రష్షు నీళ్ళలో వెయ్యడం మర్చిపోయి రాయిలా బిగుసుకుపోయింది, వేడినీళ్ళలో సబ్బేసి నానబెట్టాను. పడుకోబోయేముందు చూస్తే బాల్కనీలో దుప్పటి పక్కన పాత శుభలేఖల కట్ట ఒకటి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. పసుపు మూలలన్నీ కత్తిరించేసి ఉన్నాయి.