ఎయిర్ నావిగేషన్ పాసయ్యాను: గ్రేట్ సర్కిల్ అర్థమైంది ఇలా

ఫ్రెండ్స్, డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) పెట్టే సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్ పేపర్లలో నావిగేషన్ గట్టెక్కింది. 70 శాతం దాటిందని చెప్పగానే అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. మెట్ (వాతావరణం), రెగ్యులేషన్స్ కూర్చుని చదివితే వచ్చేస్తాయి, వాటి గురించి రాయను. నావ్ అలా లొంగదు.

నన్ను ఏడిపించింది గ్రేట్ సర్కిల్, అంటే భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి చూపే పెద్ద వృత్తం. ఫార్ములాలు నోటికి వచ్చు, ఆప్షన్లు చూస్తే మాత్రం అన్నీ నిజమే అనిపించేవి. ఓ రోజు బేగంపేట రూమ్‌లో ప్రశ్నల బ్యాంకు పక్కన పడేసి మన ఊరితోనే లెక్క వేశా. హైదరాబాద్ 17°23' ఉత్తరం, 78°28' తూర్పు. మెక్సికో సిటీ 19°26' ఉత్తరం, 99°08' పడమర. అక్షాంశాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఎవరైనా మ్యాపు మీద స్కేలు పెట్టి అడ్డంగా గీసేస్తారు. రేఖాంశాల తేడా 177°36'. నిమిషాల్లోకి మార్చి సగటు అక్షాంశం కొసైన్‌తో గుణిస్తే దాదాపు 10,100 నాటికల్ మైళ్లు.

తేడా 180కి అంత దగ్గరగా ఉందంటే, మెక్సికో సిటీ ఇంచుమించు మన యాంటీ మెరిడియన్ (భూగోళానికి సరిగ్గా అవతలి వైపున్న రేఖాంశం) మీదే ఉంది! దగ్గరి దారి ఉత్తరానికి పోయి, ధ్రువం పక్కనుంచి అటు దిగడమే. రెండు అక్షాంశాలు కలిపి 180లోంచి తీసేస్తే 143°11'. డిగ్రీకి 60 చొప్పున 8,591 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 15,900 కిలోమీటర్లు. 1,500 మైళ్లు కలిసొచ్చాయి. గ్రౌండ్ స్పీడ్ (నేలతో పోలిస్తే విమానం వేగం) 480 నాట్లు, అంటే గంటకు 480 నాటికల్ మైళ్లు అనుకుంటే మూడు గంటల పైమాటే. కాగితం మీద ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డా.

ప్రయాణం దాదాపు 18 గంటలు. సింగపూర్–న్యూయార్క్ డైరెక్ట్ ఫ్లైటుకూ 18 గంటల పైనే పడుతుంది, కాబట్టి జవాబు నమ్మొచ్చు. షంషాబాద్‌లో విమానం ఉదయం 6కి లేస్తే దిగేది మనకు అర్ధరాత్రి, అక్కడ అదే రోజు మధ్యాహ్నం 12:30. టైమ్ ప్రశ్న ఏదైనా ముందు యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) మార్చండి. ఎల్ఎంటీ (ఆ ఊరి రేఖాంశాన్ని బట్టి వచ్చే స్థానిక సమయం) అడిగితే ఐఎస్‌టీ (భారత ప్రామాణిక సమయం) వేయకండి, హైదరాబాద్‌కే 16 నిమిషాల తేడా వస్తుంది.

కోచింగ్ మధ్యలో మానేశానని చుట్టాలు చాలా అన్నారు. బద్ధకంతో మానలేదు. షార్ట్‌కట్ రాయించి పేజీ తిప్పేస్తుంటే నాకు బొమ్మ కనపడలేదు, అందుకే మానేశా. ఫోన్ పక్క గదిలో పెట్టి, తెల్లారకముందే లేచి, ప్రతి లెక్కకూ బొమ్మ గీశా. రేపు మన వెనక వందల మంది కూర్చుంటారు. అదృష్టం మీద పాసై కాక్‌పిట్ ఎక్కుదామంటే కుదరదు తమ్ముడూ, చెమటోడ్చాల్సిందే.

గాలి లెక్కలు సీఆర్పీ-5 (పైలట్లు చేత్తో తిప్పి లెక్కవేసే పరికరం) మీద చేతులు అరిగేదాకా చేయండి. హైదరాబాద్–లండన్ 4,200 నాటికల్ మైళ్లు, టీఏఎస్ (చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం అసలు వేగం) 480 నాట్లు, దారంతా 80 నాట్ల పడమటి గాలి అనుకోండి. వెళ్లడానికి పదిన్నర గంటలు, రావడానికి ఏడున్నర, మొత్తం 18. గాలే లేకపోతే పదిహేడున్నర. వచ్చేటప్పుడు తోసే గాలి వెళ్లేటప్పుడు పోయిన టైమును పూర్తిగా తిరిగివ్వదు, ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం మరి. ఇది తేలాకే పీఎన్ఆర్ (ఉన్న ఇంధనంతో వెనక్కి తిరిగి రాగలిగే చివరి చోటు), క్రిటికల్ పాయింట్ (ముందుకెళ్లినా వెనక్కొచ్చినా ఒకే టైము పట్టే చోటు) మొదలుపెట్టండి.