తుండుగుడ్డ కింద పాము ధర

ప్రకాశం జిల్లాలో టంగుటూరు దగ్గర మా ఊరు. మా నాన్న అక్కడ యాభై ఏళ్ళపాటు ఎద్దుల బేరాలు చేశాడు. తన కోసం కొన్నవి తక్కువ. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సంతకు వెళ్తూ "ఒకసారి చూసి చెప్పు" అని వెంటబెట్టుకు వెళ్ళినవే ఎక్కువ. మా అబ్బాయి పుట్టిందీ పెరిగిందీ అమెరికాలో, డాలస్ దగ్గర. రెండేళ్ళకొకసారి మూడు వారాల కోసం ఊరికి వచ్చినప్పుడు తాతా మనవడూ అరుగు మీద పక్కపక్కన కూర్చునేవారు. తాతయ్యవి రెండే ప్రశ్నలు: అన్నం తిన్నావా, బాగా చదువుతున్నావా. వాడిది ఒకటే జవాబు. తిరుగు ప్రయాణంలో ప్రతిసారీ నాకు ఆ అరుగే గుర్తొచ్చేది. వాళ్ళిద్దరికీ మాట కలిపింది చివరికి ఒక పాము.

అది 2019. వాడికి పన్నెండేళ్ళు. పాము పెంచుకుంటానని ఏడాదిగా అడుగుతున్నాడు. గడ్డివామిలో గోధుమ త్రాచు కనబడితే ఊరంతా కర్రలతో పరుగెత్తిన రోజులు చూసి పెరిగినదాన్ని నేను. ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ వసంతంలో అక్కడ సరీసృపాలను అమ్మకానికి పెట్టే ప్రదర్శన ఒకదానికి తీసుకెళ్ళాను. పెద్ద హాలు, వరుసగా బల్లలు, బల్లల మీద మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో డబ్బాలో చుట్టుకుని పడుకున్న ఒక్కో పాము, మూత మీద ధర చీటీ. వాడికి కావలసింది బాల్ పైతాన్. పశ్చిమ ఆఫ్రికాలో పుట్టిన చిన్నజాతి కొండచిలువ. విషం లేదు, భయం వేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. ఒక బల్ల మీద రెండు పిల్లలు, రెండూ గోధుమ, నలుపు కలిసినవే. ఒకదాని ధర అరవై డాలర్లు, రెండోది మూడు వందల యాభై. తేడా ఎక్కడుందో ఎంత చూసినా నాకు కనబడలేదు. "ఎందుకమ్మా?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇండియా నుంచి తిరిగి వచ్చాక చూద్దామని చెప్పి ఇంటికి తీసుకొచ్చాను.

ఆ వేసవిలో అరుగు మీద వాడు అదే ప్రశ్న తాతయ్యను అడిగాడు. వచ్చీరాని తెలుగులో, మధ్యలో నా సాయంతో. పాము అనగానే మా అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది. నాన్న మాత్రం పాము మాటే వినబడనట్టు, క్షణం కూడా ఆలోచించకుండా అడిగాడు.

"తల్లి ఏది? తండ్రి ఏది?"

మా వాడి ముఖం వెలిగిపోవడం నేను చూశాను. కారణం సరిగ్గా అదే. ఖరీదైన పాము తెల్ల మచ్చల జాతి సంతానం. ఆ తెల్ల మచ్చలు దాని ఒంటి మీద కనబడవు గానీ రక్తంలో ఉంటాయి. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ లక్షణం అందితేనే పిల్లకు మచ్చలు పైకి తేలతాయి. ఒకవైపు నుంచే అందితే పిల్ల మామూలుగానే కనిపిస్తుంది, లక్షణాన్ని మాత్రం మోస్తుంది. మోసేవి రెండు జతకడితే, మచ్చలు లేకుండా పుట్టిన పిల్లల్లో మూడింట రెండు వంతులు మోసేవే అవుతాయి. ఏవి మోస్తున్నాయో కంటితో తేల్చలేం. అందుకే అమ్మేవాళ్ళు "అరవై ఆరు శాతం" అని చీటీ మీద రాస్తారు. కొనేవాడు డబ్బు ఇచ్చేది ఆ శాతానికి కాదు, రాసినవాడి మాటకు.

"అయితే ఆ మనిషి గురించి వాకబు చేశారా?" నాన్న రెండో ప్రశ్న.

మరునాడు పొద్దున్నే వాణ్ణి ఎదురింటి పశువుల కొట్టానికి తీసుకెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. ఎద్దు నోరు తెరిచి చూపించాడు: పాలపళ్ళు ఊడి రెండు పళ్ళు వస్తే ఒక వయసు, నాలుగు వస్తే ఒకటి, ఆరు, ఎనిమిది, పళ్ళు అబద్ధం చెప్పవు, మనిషి చెప్పవచ్చు. మూపురం, గంగడోలు దూరం నుంచి చూడాలి. గిట్టలు వంగి చూడాలి. సుడులు చూసి ధర తగ్గించేవాళ్ళు ఉంటారని, తను వాటిని లెక్కలోకి తీసుకోనని చెప్పాడు. ఎద్దును కదిలించి నడిపించమన్నాడు. మేత వేయించి తినేదాకా నిలబడ్డాడు. "మేత ముట్టని ఎద్దును ఎవరైనా ఊరికే ఇస్తానన్నా తీసుకోకూడదు నాయనా."

పాముల విషయంలోనూ మొదట చూడాల్సింది ఇదే. బాల్ పైతాన్ తిండి మానేయడంలో పేరుమోసినది. నెలల తరబడి ముట్టకుండా ఉండగలదు. కాబట్టి పిల్ల ఏం తింటోంది, ఎన్నాళ్ళకొకసారి, చివరిగా ఎప్పుడు తిన్నది, గడ్డకట్టించి కరిగించిన ఎలుకను తీసుకుంటుందా, బతికున్నదే కావాలంటుందా అని అడగాలి. రాసిపెట్టిన పుస్తకం ఉన్నవాడికి పది డాలర్లు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. చేతిలోకి తీసుకుంటే కండ బిగువుగా ఉండాలి, వెన్నెముక ముళ్ళు తేలకూడదు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనబడినా ఊపిరితిత్తుల జబ్బు. కళ్ళ చుట్టూ, గడ్డం కింద పొలుసుల మధ్య నల్లని చుక్కలు కదులుతుంటే అవి పాముల రక్తం తాగే చిన్న పురుగులు. ఇంట్లో మరో పాము ఉంటే దానికీ అంటుకుంటాయి. ఆఫ్రికా అడవిలో పట్టి తెచ్చినవి చవకగా దొరుకుతాయి, కానీ ఒంట్లో పురుగులతో, తిండి మీద విముఖతతో వస్తాయి. ఆ చవక వైద్యుడి దగ్గర తీరిపోతుంది. మొదటిసారి పెంచేవాళ్ళకు నేను ఎప్పుడూ చెప్పేది, మనిషి చేతిలో పొదిగిన పిల్లనే కొనమని.

ఏ ధరకూ కొనకూడనివి కూడా ఉన్నాయి. సాలెగూడు గీతల్లాంటి రంగుతో వచ్చే ఒక రకం చూడటానికి అద్భుతంగా ఉంటుంది. ఆ రంగుతోబాటే నాడీలోపం వస్తుంది. తల నిలకడగా ఉండదు, కొన్నింటికి ఎలుకను అందుకోవడం కూడా కష్టమే. రంగును లోపం నుంచి ఎవరూ విడదీయలేకపోయారు. ఇది విన్న రోజు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "అందం కోసం కుంటిదాన్ని పుట్టిస్తారా" అన్నాడు చివరికి. దాన్ని ఇష్టపడుతూ వచ్చిన మా వాడు ఆ తర్వాత దాని ఊసెత్తలేదు.

ఆ మూడు వారాల్లో వాడికి అన్నిటికంటే నచ్చింది తుండుగుడ్డ బేరం. సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు, ఎలా పట్టుకున్నాడన్నదే ధర. చుట్టూ యాభై మంది ఉన్నా ఆ అంకె ఇద్దరికే తెలుస్తుంది. అమ్మేవాడి అవసరం నలుగురిలో బయటపడదు, కొనేవాడి బలం బయటపడదు. చీటీ మీద రాసిన ధరే ధర అనుకుంటూ పెరిగిన పిల్లవాడికి, ధర అనేది ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుని తేల్చుకునే సంగతి అని తెలియడం నేను ఏ పుస్తకంతోనూ చేయించలేని పని. తాతయ్య చేయి అంతసేపు పట్టుకోవడం కూడా వాడికి అదే మొదటిసారి.

అమ్మతో మాత్రం తేలిక కాలేదు. ప్రతి ఏడూ నాగుల చవితికి ఉపవాసం ఉండి, చలిమిడి, చిమ్మిలి చేసుకుని పుట్టలో పాలు పోసే మనిషి. "నాగేంద్రుడికి వెల కడతారురా? మొక్కేదాన్ని డబ్బాలో పెట్టి అమ్ముతారా?" అంది. వాడు నా వైపు చూశాడు. నేను సర్దిచెప్పలేదు. రెండు మాటల్లో తేలిపోయేలా చెబితే అమ్మకో వాడికో అన్యాయం చేసినట్టే అనిపించింది. కాసేపాగి వాడే, "నేను అమ్మను అమ్మమ్మా, కొంటాను. బాగా చూసుకుంటాను" అన్నాడు. పాములు పాలు తాగవని వాడికి తెలుసు. ఆ మాట మాత్రం అక్కడ అనలేదు.

ఆ రోజుల్లోనే దూరపు బంధువు ఒకాయన వచ్చి, మా వాడి పాముల సంగతి విని గొంతు తగ్గించి రెండు తలల పాము గురించి చెప్పాడు. బరువును బట్టి లక్షలు, కోట్లు పలుకుతుందట. అది ఇసుక నేలల్లో ఉండే అమాయకపు పాము; తోక మొద్దుగా తలలా కనిపిస్తుంది, అంతే. విషం లేదు, పొలాల్లో ఎలుకలను తిని బతుకుతుంది. ఇంట్లో ఉంటే సిరి వస్తుందనే మూఢనమ్మకం దాని ప్రాణం మీదికి తెచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. దాన్ని అమ్మబోయి అరెస్టయినవాళ్ళ వార్తలు మన పత్రికల్లో వస్తూనే ఉంటాయి. నాన్న ఆయన్ను ఒకటే అడిగాడు: "కోటి పెట్టి కొన్నవాడు దాన్ని ఏం చేసుకుంటాడు?" ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. "ఎందుకు కొంటున్నాడో చెప్పలేని సరుకుకు ధర ఉండదు బావా, ఆశ ఉంటుంది."

తిరిగి వచ్చాక అరవై డాలర్ల పిల్లనే కొన్నాం, యాభైకి. ఆడది, నాలుగుసార్లు తిన్నట్టు రాసిన చీటీ చేతికిచ్చారు. గాజు పెట్టె, వేడినిచ్చే పలక, ఆ వేడి మితిమీరకుండా చూసే పరికరం కలిపి పాము ఖరీదుకు అయిదు రెట్లు దాటింది. సరిగ్గా చూసుకుంటే ముప్ఫై ఏళ్ళ దాకా బతికే ప్రాణి, ఆ లెక్కా ధరలో కలుపుకోవాలి. వాడు దానికి 'గోధుమ' అని పేరు పెట్టాడు. దాక్కోవడానికి చోటు కావాలంటే, పూజలో కొట్టిన కొబ్బరికాయ చిప్పకు అంచు కోసి బోర్లించాను. మొదటి నెలలు అది ఆ చిప్ప కిందే ఉండేది.

2023లో బ్రెజిల్లో ఒక ఆవు వార్త వచ్చింది. మన ఒంగోలు జాతే. అక్కడ దాన్ని నెల్లూరు పేరుతో 'నెలోర్' అంటారు. మూడో వంతు వాటా వేలంలో అమ్ముడైన ధరను బట్టి మొత్తం ఆవు విలువ నలభై లక్షల డాలర్లు దాటిందని రాశారు. నాన్న ఫోనులో ఆ ముక్క చదివి వినిపించి, మనవడి అభిప్రాయం అడిగాడు. అది పాల ధరా మాంసం ధరా కాదని, పుట్టబోయే దూడల ధర అని వాడు చెప్పాడు. తెల్ల మచ్చల పాముల కథ కూడా చెప్పాడు. ఆ రంగు మొదట నిలదొక్కుకున్నది 1990ల చివర్లో, అప్పట్లో వేల డాలర్లు. ప్రతి కొనుగోలుదారూ మళ్ళీ పిల్లలను పొదిగించి అమ్మడంతో ఇప్పుడు కొన్ని వందలకే దొరుకుతోంది. "పిల్లలమ్మి పెట్టుబడి రాబట్టుకుందామని కొంటే, నీలాగే ఆలోచించేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ముందు లెక్కపెట్టాలి తాతయ్యా." నాన్న ఆ మాటను ఊళ్ళో చాలామందికి చెప్పాడని తర్వాత అమ్మ చెప్పింది.

నిరుడు వాడు కాలేజీ వసతిగృహానికి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ పామును ఉంచనివ్వరు. నా ఉద్యోగంలో నెలకు పది రోజులు ఊళ్ళు తిరగాలి. అమ్మక తప్పలేదు. ఆరేళ్ళ ఆడ పాము, ఎదిగింది, పెట్టెతో సహా మూడు వందలు పెట్టవచ్చునని వాడి స్నేహితులన్నారు. కానీ ప్రతి చలికాలం మూడు నెలలు తిండి మానేస్తుంది. రెండేళ్ళ క్రితం ఊపిరితిత్తుల జబ్బు చేసి తగ్గింది. చెప్పాలా వద్దా అన్న సందేహం వాడికి రాలేదు. చెబితే ఎంత తగ్గించాలన్నదే తాతయ్యను అడిగాడు. నాన్న తన కథ చెప్పాడు. కాడి కట్టగానే కూలబడే ఎద్దును ఒకసారి ఆ గుణం చెప్పి అమ్మాడట, సగం ధరే వచ్చిందట. కొన్నవాడు మరో ఇరవై ఏళ్ళు నాన్న లేకుండా సంతకు వెళ్ళలేదట.

ఒక తండ్రీ, పదమూడేళ్ళ కూతురూ వచ్చారు. వాడు ఆరేళ్ళ పుస్తకం వాళ్ళ ముందు పెట్టాడు: ప్రతి ఎలుక, ప్రతి కుబుసం, ప్రతి తూకం, వైద్యుడి చీటీలు. నూట డెబ్బైకి తేలింది. ఆ పిల్ల గోధుమను చేతిలోకి తీసుకున్న తీరు చూసి వాడు ఇంకో ఇరవై తనంతట తనే తగ్గించాడు.

ఆ రాత్రి ఫోను చేస్తే నాన్న ధర అడగలేదు. "పలుపు ఉంచుకున్నావా?" అన్నాడు. మా ఇంట్లో పశువును అమ్మితే మెడ పలుపు ఇవ్వరు. కొన్నవాళ్ళు కొత్త తాడు తెచ్చుకుంటారు, పాతది కొట్టంలోనే ఉంటుంది. వాడు ఫోను కెమెరా బల్ల వైపు తిప్పాడు. కొబ్బరి చిప్ప అక్కడ ఉంది, అంచు కోసిన వైపు గోడకు ఆనించి.