రెండు 303లు: అమెరికా ఎన్నికల ఫలితాలను నేను చదివిన తీరు

సివిల్స్ మెయిన్స్‌కు చరిత్రను ఆప్షనల్‌గా తీసుకున్నప్పుడు, 1948 నుంచి 1964 వరకు జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితాలను నేను మొదట పట్టికగా రాసుకుని బట్టీ పట్టాను. ఒక మాక్ టెస్టులో 1960 ఎన్నిక గురించి రాస్తూ కెనడీకి 303, నిక్సన్‌కు 189 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి రాష్ట్రాల వారీగా ఎంపికైన ఎలక్టర్లు వేసే ఓట్లు) వచ్చాయని రాశాను. నిజానికి 189 అనేది 1948లో రిపబ్లికన్ అభ్యర్థి థామస్ డ్యూయీకి వచ్చిన సంఖ్య. ఆ ఏడాది ట్రూమన్‌కు, పన్నెండేళ్ల తర్వాత కెనడీకి సరిగ్గా 303 చొప్పునే రావడంతో రెండు ఎన్నికలూ నా జ్ఞాపకంలో కలిసిపోయాయి.

ఆ తర్వాత ప్రతి ఫలితాన్నీ కూడి చూడటం అలవాటు చేసుకున్నాను. 1948లో మొత్తం ఎలక్టర్లు 531 మంది కాగా, 303, 189 కలిపితే 492 మాత్రమే అవుతుంది. మిగిలిన 39 ఓట్లు, ట్రూమన్ పౌర హక్కుల విధానాన్ని వ్యతిరేకించి డెమోక్రటిక్ పార్టీ నుంచి విడిపోయిన దక్షిణాది వర్గం అభ్యర్థి స్ట్రామ్ థర్మండ్‌వి. ఆయన అలబామా, మిసిసిపి, లూసియానా, సౌత్ కరోలినా రాష్ట్రాలను గెలుచుకోగా, టెనెస్సీ ఎలక్టర్ ఒకరు కూడా ఆయనకే ఓటు వేశారు. సొంత పార్టీ ఇలా చీలినందువల్లే ట్రూమన్ ఓడిపోతారని చాలామంది నమ్మారు. ఒక చికాగో పత్రిక డ్యూయీ గెలిచినట్లు పతాక శీర్షికే పెట్టింది.

1952లో 442–89తో, 1956లో 457–73తో స్టీవెన్సన్‌పై ఐసెన్‌హోవర్ సాధించిన విజయాలకు ఇంత శ్రమ అవసరం లేదు.

1960కి మళ్లీ ఆగాలి. అలాస్కా, హవాయి 1959లో రాష్ట్రాలు కావడంతో మొత్తం 537కు పెరిగింది కనుక మెజారిటీ 269. అక్కడ అలవాటుగా, నేటి మెజారిటీ అయిన 270 అని రాయకండి. కెనడీ 303, నిక్సన్ 219 పోగా మిగిలిన 15 ఓట్లు, అసలు పోటీలోనే లేని దక్షిణాది డెమోక్రటిక్ సెనేటర్ హ్యారీ బర్డ్‌కు పడ్డాయి: మిసిసిపి నుంచి 8, అలబామా నుంచి 6, ఓక్లహోమా నుంచి 1. ప్రజల ఓట్లలో కెనడీ ఆధిక్యం సుమారు లక్షా 12 వేలేనని గుర్తుంచుకుంటే, ఆ దక్షిణాది అసంతృప్తి ఎంత బరువైనదో తెలుస్తుంది.

1964 నాటికి ప్రతినిధుల సభ తాత్కాలికంగా పెరిగిన 437 స్థానాల నుంచి 435కు తిరిగి రావడంతో 2 ఓట్లు తగ్గి, రాజ్యాంగ 23వ సవరణ వల్ల రాజధాని వాషింగ్టన్‌కు 3 ఓట్లు దక్కి మొత్తం 538 అయింది. జాన్సన్ 486, గోల్డ్‌వాటర్ 52: ఈసారి శేషం లేదు. అయితే గోల్డ్‌వాటర్ సొంత రాష్ట్రం అరిజోనా కాక గెలిచిన అయిదింటిని పటంలో గుర్తించాక, పౌర హక్కుల చట్టంపై సంతకం చేసిన జాన్సన్‌ను కాదని రిపబ్లికన్‌ను గెలిపించినవి జార్జియాతో పాటు థర్మండ్ 1948లో గెలిచిన ఆ నాలుగు రాష్ట్రాలేనని నాకు అర్థమైంది.